అప్ప పది పాసైన విందు – మా ఇంటి లెక్క

 

ఈ నెల మన గోడ పత్రికలో "లెక్కలు – మన ఇల్లు" అనే విషయం మీద రాయమని లెక్కల సారు చెప్పారు. కొందరు పొలం కొలతలు రాస్తామన్నారు. కొందరు సంత లెక్కలు రాస్తామన్నారు. నేను మొన్న వేసవి సెలవుల్లో మా ఇంట్లో చేసిన విందు లెక్క రాస్తున్నాను. మనం ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నాము. వచ్చే ఏడాది పది రాస్తాము. పాసైతే మన ఇళ్ళలోనూ విందు మాట వస్తుంది. అప్పుడు మీకు పనికొస్తుందని ఇది రాశాను.

1. విందు ఎందుకు వచ్చింది?

మాది పాడేరు వైపు కొండ మీద ఊరు. మేము కొండదొరలం. మా ఇంట్లో మామ్మ, అయ్య, అమ్మ ముగ్గురూ బడి ముఖం చూడలేదు. బడికి పోయిన మొదటి మనిషి మా అప్ప. రెండోదాన్ని నేను. ఏప్రిల్ నెలాఖరులో ఫలితాలు వచ్చాయి. అప్పకు 600కి 412 మార్కులు వచ్చాయి. ఫస్టు క్లాసు. మా ఊళ్ళో పది పాసైన ఆడపిల్ల అప్పే మొదలు.

ఆ రోజు అయ్య పని మానేసి ఊరంతా తిరిగి చెప్పాడు. రాత్రి అన్నం తింటూ అన్నాడు, "రెండు మేకలు కోసి ఊరంతటికీ పెడతాను. నేకపోతే నలుగురిలో నానెలా తలెత్తుకుంతాను?"

అయ్య మనసులో వేసుకున్న ఖర్చు ఇది:

మేకలు రెండు – 16,000 రూపాయలు
బియ్యం, సరుకులు – 6,000
షామియానా, పాటల బాక్సులు – 6,000
సారా – 3,000
మొత్తం – 31,000 రూపాయలు

ఇంట్లో చింతపండు అమ్మిన డబ్బు 11,000 ఉంది. మిగతా 20,000 సావుకారు దగ్గర తెస్తానన్నాడు. కాఫీ పంట రాగానే తీర్చేస్తానన్నాడు.

2. అప్పు లెక్క

ఎనిమిదిలో మనం సాధారణ వడ్డీ నేర్చుకున్నాము. అసలు, కాలం, రేటు గుణించి నూరుతో భాగించాలి. అప్పుడు నేను మార్కుల కోసం బట్టీ పట్టాను. అది ఇంటికి పనికొస్తుందని అనుకోలేదు.

సావుకారు వడ్డీ నూటికి ఐదు రూపాయలు. ఐదే కదా అనిపిస్తుంది. కానీ అది నెలకు. ఏడాదికి 5 × 12 = 60. అంటే నూరు రూపాయలకు ఏడాదికి అరవై రూపాయల వడ్డీ.

మే నెలలో తెచ్చిన అప్పు కాఫీ డబ్బు చేతికి వచ్చే వరకు, అంటే జనవరి ఆఖరు వరకు ఉంటుంది. తొమ్మిది నెలలు.

వడ్డీ = 20,000 × 5 × 9 ÷ 100 = 9,000 రూపాయలు.

కట్టవలసింది మొత్తం 29,000 రూపాయలు.

ఈ లెక్క నోటుబుక్కులో వేసి అయ్యకు చూపించాను. అయ్య పుస్తకం వైపు చూసి, "బాగానే రాసినావు" అన్నాడు. అయ్యకు అంకెలు రావు. ఆ మాట నేను మరచిపోయాను. అప్పుడు పొయ్యి పక్కన ఉన్న చింతపిక్కల బుట్ట తెచ్చాను. ఒక పిక్క అంటే నూరు రూపాయలు అని చెప్పాను. సంతలో డబ్బు లెక్క అయ్యకు నా కంటే బాగా వచ్చు. రెండు వందల పిక్కలు ఒక కుప్ప పోశాను. అది అసలు. పక్కన తొంభై పిక్కలు ఇంకో కుప్ప పోశాను.

అయ్య ఆ చిన్న కుప్పను దోసిట్లోకి తీసుకున్నాడు. "ఇయ్యి ఎవులివి?" అని అడిగాడు.

"సావుకారివి అయ్యా. ఊరికే ఇచ్చేవి" అన్నాను.

అయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ పిక్కలు బుట్టలో పోసేసి, "అయితే ఏటి సేద్దాం, నువ్వే సెప్పు" అన్నాడు. మా అయ్య నన్ను ఏటి చేద్దామని అడగడం అదే మొదటిసారి.

(మన షెడ్యూల్డ్ ప్రాంతంలో లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయకూడదని 1960లోనే రెగ్యులేషన్ చేశారని సోషల్ టీచరు గారు చెప్పారు. ఇది అందరూ ఇంట్లో చెప్పండి.)

3. ముందు పక్కన పెట్టవలసిన డబ్బు

విందు లెక్క విందుతో మొదలుపెట్టకూడదు. విందు అయిన తర్వాత పాసైన పిల్ల ఎక్కడికి పోతుంది అనే దానితో మొదలుపెట్టాలి. అప్ప ఇంటరు చదవాలని అనుకుంది. అందుకు ఏమేమి కావాలో అప్ప చెప్పింది, నేను రాశాను.

ట్రంకు పెట్టె, తాళం – 1,800
బట్టలు రెండు జతలు – 1,600
బకెట్టు, మగ్గు, కంచం, గ్లాసు – 500
నోటుబుక్కులు, పెన్నులు – 700
బస్సు ఛార్జీలు – 600
ఫోటోలు, జిరాక్సులు – 300
చేతిలో ఉంచుకోవడానికి – 1,000
మొత్తం – 6,500 రూపాయలు

11,000లో ఈ 6,500 తీసి అమ్మ ఒక గుడ్డలో మూట కట్టింది. మామ్మ చేతికి ఇచ్చి దాచమంది. మామ్మ దగ్గర దాచింది ఎవరూ తీయలేరు. మిగిలింది 4,500. విందు ఈ 4,500లోనే జరగాలి.

4. ఎంతమంది వస్తారు? – ఇక్కడ నేను తప్పు చేశాను

నేను ఇల్లిల్లూ తలుచుకుని జాబితా రాశాను. మా ఇంటితో కలిపి 26 ఇళ్ళు. పెద్దలు 70 మంది, పిల్లలు 40 మంది. మొత్తం 110 మంది. రాత్రి మామ్మకు చదివి వినిపించాను.

మామ్మ విని, "గెడ్డ అవతల ఐదిళ్ళు ఏవే?" అంది.

గెడ్డ అవతల ఐదిళ్ళ పిల్లలు బడికి రారు. పశువులు కాస్తారు. నేను, "ఇది చదువు విందు కదా మామ్మా" అన్నాను.

మామ్మ అంది, "ఆలు సదువుకోనేదని ఒగ్గేసినావా? మరి నన్నెందుకు రాసినావే? నాను మటుకు ఏటి సదివినాను?"

నాకు జవాబు రాలేదు. సిగ్గుతో తల దించుకున్నాను. మామ్మే కదా, అప్పకు జ్వరం వచ్చినప్పుడు హాస్టలు నుంచి భుజాన ఎత్తుకుని తెచ్చింది! గెడ్డ అవతల ఇళ్ళ వాళ్ళే కదా, వానాకాలం గెడ్డ పొంగినప్పుడు మమ్మల్ని చేయి పట్టి దాటించి బడికి పంపింది! వాళ్ళు దాటించకపోతే అప్పకు ఆ 412 మార్కులు ఎక్కడివి?

ఆ ఐదిళ్ళలో పెద్దలు 13, పిల్లలు 9. మొత్తం 22 మందిని రాశాను. ఇప్పుడు పెద్దలు 83, పిల్లలు 49, అందరూ కలిసి 132 మంది. పిలుపుకు ఆ ఇళ్ళకు నేనే స్వయంగా వెళ్ళాను.

5. బియ్యం లెక్క

మన ఊళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికీ పాత కొలతలే చెబుతారు. తెలియని వాళ్ళ కోసం రాస్తున్నాను.

2 సోలలు = 1 తవ్వ
2 తవ్వలు = 1 మానిక
2 మానికలు = 1 అడ్డ
2 అడ్డలు = 1 కుంచం

ఊరిని బట్టి కొలత కొంచెం మారుతుంది. మా ఇంటి తవ్వతో బియ్యం కొలిచి డిపో కాటా మీద పెడితే దాదాపు అరకిలో తూగింది. అంటే సోలెడు పావుకిలో, 250 గ్రాములు. విందులో పెద్ద మనిషికి సోలెడు, పిల్లలకు అరసోలెడు వేసుకోవాలని మామ్మ చెప్పింది.

పెద్దలు: 83 × 250 = 20,750 గ్రాములు
పిల్లలు: 49 × 125 = 6,125 గ్రాములు
మొత్తం = 26,875 గ్రాములు. దాదాపు 27 కిలోలు.

పిలవకుండా వచ్చిన చుట్టాలకు కూడా పెట్టాలి. అందుకని పదికి ఒకటి చొప్పున కలుపుకోవాలి. 27కి 2.7 కలిపితే 29.7. అంటే 30 కిలోలు. మామ్మకు కిలోలు చెబితే తెలియదు. 30 మానికలు, ఏడున్నర కుంచాలు అని చెప్పాను. "సరిపోద్ది" అంది.

మా ఊళ్ళో పెళ్ళికైనా చావుకైనా ఇంటికి తవ్వెడు బియ్యం తేవడం ఆచారం. సంతోషానికి పిలిచి బియ్యం తెమ్మంటే బాగుండదని అయ్య అన్నాడు. "మనం పెట్టినామా నేదా ఆలకి? ఇది అడుక్కోడం కాదు" అని మామ్మ అంది. 25 ఇళ్ళు తవ్వెడు చొప్పున తెస్తే పన్నెండున్నర కిలోలు. మిగతా పదిహేడున్నర కిలోలు మా ఇంట్లో బియ్యమే. గెడ్డ అవతల వాళ్ళను అడగవద్దని అమ్మ చెప్పింది. వాళ్ళకు తిండి గింజలే కష్టం.

6. కూరలు, ఖర్చు

మేకలు మానేశాము. ఇంటి కోళ్ళు ఐదు కోశాము. దానికి తోడు సంతలో కోడిమాంసం 8 కిలోలు కొన్నాము. గుమ్మడికాయలు అటక మీద ఉన్నాయి. చింతపండు ఇంట్లోదే. సామలు ఇంట్లోవే. ఆ సామలతో, బెల్లంతో పాయసం వండాలని అనుకున్నాము.

కోడిమాంసం 8 కిలోలు – 1,840
కందిపప్పు 4 కిలోలు – 520
నూనె 3 లీటర్లు – 450
ఉల్లి, వెల్లుల్లి, కారం, ఉప్పు, మసాలా – 400
బెల్లం 3 కిలోలు – 180
పెద్ద గుండిగ అద్దె – 200
వాయిద్యాల వాళ్ళకు – 300
టీ పొడి, పంచదార – 150
మొత్తం – 4,040 రూపాయలు

పాటల బాక్సులు వద్దన్నాము. మా చిన్నాన్నకు ఇది నచ్చలేదు. కానీ మాకు థింసా ఉండగా బాక్సులు ఎందుకు? తుడుము, డప్పు, కిరిడి, మోరి వాయించే వాళ్ళు పక్క ఊళ్ళోనే ఉన్నారు. బాక్సుల పాటకు కుర్రవాళ్ళు ఎగురుతారు, ముసలివాళ్ళు కూర్చుని చూస్తారు. థింసాకు అందరూ చేతులు పట్టుకుంటారు.

సారా సంగతి చాలా కష్టమైంది. కల్లు, సారా లేకపోతే విందే కాదని పెద్దలు అన్నారు. చివరికి అయ్య ఒక మాట చెప్పాడు. "మా వాకిట్లో మాత్రం వద్దు. ఇది పిల్ల విందు." తాగేవాళ్ళు చీకటి పడ్డాక వాళ్ళ ఇళ్ళలో తాగారు. పూర్తిగా మాన్పించామని నేను అబద్ధం రాయను. మా వాకిట్లో మాత్రం ఆ రోజు గొడవ లేదు.

7. నీళ్ళు, విస్తర్లు, పొయ్యి

బియ్యం లెక్క అందరూ వేస్తారు, నీళ్ళ లెక్క మరచిపోతారు. తాగడానికి, చేతులు కడగడానికి, వంటకు మనిషికి 3 లీటర్లు వేసుకున్నాను. 132 × 3 = 396 లీటర్లు. మా బిందె 15 లీటర్లు పడుతుంది. 396ను 15తో భాగిస్తే 26 పైన వస్తుంది. అంటే 27 బిందెలు. మేము ఐదుగురు ఆడపిల్లలం బోరింగు నుంచి మోశాము. ఒక్కొక్కరికి ఐదారు బిందెలు. మగపిల్లలు కట్టెలు తెచ్చారు. తాగే నీళ్ళు అమ్మ ముందు రాత్రే కాచి చల్లార్చి మూత పెట్టింది. ఎండాకాలం ఊట నీళ్ళు తగ్గి మురికిగా ఉంటాయి. విందు తిన్న మర్నాడు ఊరంతా విరేచనాలతో పడుకుంటే అప్ప పేరే చెప్పుకుంటారు.

ప్లాస్టిక్ పళ్ళేలు కొనలేదు. అడ్డాకులు కొండ మీద కావలసినన్ని ఉన్నాయి. 132 మందికి, ఇంకొన్ని చినిగిపోతాయని 160 విస్తర్లు అనుకున్నాము. విస్తరికి 5 ఆకులు చొప్పున 800 ఆకులు. రెండు రోజులు కోశాము, వెదురు పుల్లలతో కుట్టాము. తిన్నాక ఎరువు గుంటలో వేశాము. ప్లాస్టిక్ అయితే గెడ్డలో తేలుతూ ఉండేది.

పొయ్యి దగ్గర ఉండే ఆడవాళ్ళు నైలాన్ చున్నీలు, చీర కొంగులు వేలాడనివ్వకూడదు. నూలు గుడ్డ కట్టుకుని, కొంగు నడుముకు దోపుకోవాలి. చిన్నపిల్లలను పొయ్యి వైపు రానివ్వకుండా ఒక మనిషిని పెట్టాలి. మా ఇంట్లో ఆ పని మామ్మ కర్ర పట్టుకుని చేసింది.

విందు మధ్యాహ్నమే పెట్టుకోవాలి. మే నెలలో మన కొండల మీద సాయంత్రం ఉరుములు మెరుపులతో వానలు వస్తాయి. ఆ రోజు కూడా నాలుగు గంటలకు వాన వచ్చింది. అప్పటికి అందరి భోజనాలు అయిపోయాయి. వాన వచ్చినప్పుడు చింతచెట్టు కిందకు పరుగెత్తిన పిల్లలను ఇంట్లోకి పిలిచాము. పిడుగు పడే వేళ చెట్టు కింద నిలబడకూడదని మనం సైన్సులో చదివాము కదా. మధ్యాహ్నం విందు అయితే మిగిలిన కూర రాత్రికి ఉంచాలనే ఆశ కూడా ఉండదు. ఎండాకాలం మాంసం కూర తొందరగా పాడవుతుంది.

8. మాట లెక్క

ఇది పుస్తకంలో లేని లెక్క. విందుకు ముందు రోజు మా మేనత్త వచ్చింది. అమ్మతో అంది, "పది అయిపోనాది కదా. ఇంక మా వోడికి ఇచ్చీండి. రేపు అందరూ ఉంతారు, మాట అనేసుకుందాం."

అయ్యకు మేనత్త అంటే భయం, ప్రేమ రెండూ ఉన్నాయి. ఏమీ అనలేక బయటికి పోయాడు. అప్ప అరుగు మీద విస్తరి కుడుతోంది. పుల్ల వేలికి గుచ్చుకుని రక్తం వచ్చింది. తుడుచుకుని మళ్ళీ కుట్టింది. ఏమీ అనలేదు.

అప్పుడు నాకు అర్థమైంది. మన ఊళ్ళలో నలుగురు కూర్చుని అన్నం తినే చోట అన్న మాటకు బలం ఉంటుంది. ఆ మాట మనం అనకపోతే ఇంకొకరు అంటారు. అప్ప చదువు కోసం చేసిన విందే అప్ప చదువు ఆపే విందు అయిపోతుంది. అంతవరకు నేను బియ్యం, పప్పు, నీళ్ళు అన్నీ రాశాను. ఎవరు ఏ మాట చెప్పాలో మాత్రం రాయలేదు.

రాత్రి మామ్మకు, అమ్మకు చెప్పాను. అప్పకు పదహారేళ్ళు. ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేయకూడదని 2006లో చేసిన బాల్య వివాహ నిషేధ చట్టం ఉందని చెప్పాను. 1098కి ఫోను చేయవచ్చని కూడా చెప్పాను. అమ్మ, "ఇంటి ఆడపడుచు మీద ఫోను సేస్తావేటే?" అని భయపడింది. మామ్మ మాత్రం ఆలోచించి అంది, "పోను ఎందుకు? మీ అయ్య సేత సెప్పించు. అన్నం వడ్డించక ముందే సెప్పించాల. తిన్నాక ఎవులూ ఇనరు."

అయ్య ఎప్పుడూ నలుగురిలో మాట్లాడలేదు. నేను మూడు వాక్యాలు నేర్పించాను. కట్టెలు కొడుతూ వాటినే అనుకున్నాడు.

9. విందు రోజు

పొద్దున్నే గెడ్డ అవతల ఐదిళ్ళ వాళ్ళు అందరికంటే ముందు వచ్చారు. బియ్యం అడగలేదు కదా, అయినా ఉత్త చేతులతో రాలేదు. నాలుగు పెద్ద పనసకాయలు మోసుకొచ్చారు. వాళ్ళ ఆడవాళ్ళే చేతులకు నూనె రాసుకుని కోసి, కూర వండారు.

మధ్యాహ్నం అందరూ వరసగా కూర్చున్నారు. విస్తర్లు వేశాము. అయ్య లేచాడు. నేర్పించిన మూడు వాక్యాల్లో మొదటిది చెప్పాడు, "మా పెద్దపిల్ల పది పాసయ్యింది." తర్వాత మరచిపోయాడు. నా వైపు చూశాడు. నేను పెదవులు కదిపాను. అయ్యకు తెలియలేదు. కాసేపు నిలబడి, తన సొంత మాటలే చెప్పాడు.

"నాను ఏలిముద్ర. నా కూతురు సంతకం. ఇంకా సదువుతాది. డబ్బు కట్టి పెట్టినాను. పెళ్ళి మాట ఎవులూ ఇప్పుడు తేవొద్దు. అందరూ కడుపునిండా తినండి."

ఎవరూ మాట్లాడలేదు. మేనత్త తల దించుకుని విస్తరి సర్దుకుంది. గెడ్డ అవతల తాత ఒకరు, "మంచి మాట" అన్నారు. తర్వాత ఇంకో ఇద్దరు అన్నారు. మామ్మ నన్ను చూసి, "ఇంక వడ్డించు" అంది.

అప్ప మార్కుల మెమో అందరూ చేతిలోకి తీసుకుని చూడాలన్నారు. నేను ముందే జిరాక్సు తీయించి దాన్నే ఇచ్చాను. అసలుది పెట్టెలో ఉంది. ఇది చాలా మంచిదైంది. ఆ జిరాక్సు తిరిగి వచ్చేసరికి దాని మీద పసుపు, చారు, పాయసం అన్నీ ఉన్నాయి.

10. ఎక్కడ లెక్క తప్పింది?

బియ్యం సరిపోయింది. రెండు కిలోల బియ్యం వండకుండానే మిగిలింది. కానీ కోడికూర తక్కువైంది. మొదటి బంతిలో మా చిన్నాన్న మొహమాటానికి ఎక్కువ ఎక్కువ వడ్డించేశాడు. ఆఖరి బంతిలో ఇరవై మందికి కూర లేదు. అందులో వండిన వాళ్ళు, నీళ్ళు మోసిన మేమే ఉన్నాము. అప్పుడు పనసకాయ కూరే మమ్మల్ని ఆదుకుంది. నేను జాబితాలో రాయకుండా వదిలేసిన ఇళ్ళ వాళ్ళు తెచ్చిన కూరతోనే నేను ఆ రోజు అన్నం తిన్నాను. ఆ మాట నేను మరచిపోను.

ఖర్చులో కూడా కొన్ని మరచిపోయాను. తాడు, అగ్గిపెట్టెలు, ఇంకో నూనె ప్యాకెట్టు కలిపి 240 రూపాయలు అయ్యాయి. మొత్తం ఖర్చు 4,280. చేతిలో మిగిలింది 220. అప్పు ఒక్క రూపాయి లేదు.

సాయంత్రం వాన తగ్గాక థింసా ఆడారు. మేనత్త కూడా ఆడింది. వెళ్ళేటప్పుడు అయ్యతో, "అయితే రెండేళ్ళు ఆగుతాం" అంది. రెండేళ్ళ తర్వాత అప్పకు 18 వస్తాయి. అప్పుడు అప్ప ఏమంటుందో అప్పే చెప్పాలి. ఇప్పటికి మాత్రం అప్ప ట్రంకు పెట్టెతో కాలేజీ హాస్టలుకు పోయింది. బైపీసీ చదువుతోంది.

గుర్తుంచుకోవలసినవి

1. ముందు చదువు డబ్బు మూట కట్టాలి. మిగిలిన దానితోనే విందు చేయాలి.
2. నెల వడ్డీని పన్నెండుతో గుణించి చూడాలి. అప్పుడే దాని అసలు రూపం కనిపిస్తుంది.
3. జాబితా రాశాక పెద్దవాళ్ళకు చదివి వినిపించాలి. మనం వదిలేసిన ఇల్లు వాళ్ళకు గుర్తుంటుంది.
4. కూర వడ్డించే పని చేయి పొదుపు ఉన్న వాళ్ళకు ఇవ్వాలి.
5. అసలు సర్టిఫికెట్లు విందులోకి తేకూడదు.
6. విందులో ఏ మాట చెప్పాలో, ఎవరు చెప్పాలో ముందే అనుకోవాలి. అన్నం వడ్డించక ముందే చెప్పించాలి.

అభ్యాసం (చేసి లెక్కల సారుకు చూపించండి)

1. పెద్దలు 60 మంది, పిల్లలు 32 మంది వచ్చే విందుకు ఎన్ని కిలోల బియ్యం కావాలి? అది ఎన్ని కుంచాలు?
2. అదే 20,000 రూపాయలు నూటికి నెలకు రూపాయి వడ్డీతో తెస్తే తొమ్మిది నెలలకు వడ్డీ ఎంత? సావుకారు వడ్డీకి, దీనికి తేడా ఎంత?
3. మీ ఊళ్ళో మీరు జాబితా రాస్తే ఏ ఇల్లు మరచిపోతారు? ఎందుకు? (దీనికి మార్కులు లేవు. కానీ జవాబు రాయండి.)

ఇంతటితో నా వ్యాసం ముగిస్తున్నాను. అక్షర దోషాలుంటే పెద్దలు మన్నించి సరిదిద్దగలరు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని